మరక తీయని ఫొటో

జంతువులు, పక్షుల ఫొటోలు తీసి స్టాక్ ఏజెన్సీల ద్వారా అమ్మాలనుకునే పిల్లలు ఇప్పటికీ నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. ఏ కెమెరా కొనాలి, ఎంత పొడుగు లెన్సు కావాలి అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. నేను ఫొటోలు తీసినదాన్ని కాదు. తిప్పి పంపినదాన్ని.

అబూధాబీలో ఒక చిన్న స్టాక్ ఏజెన్సీలో రివ్యూయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. స్టాక్ ఏజెన్సీ అంటే ఫొటోలకు గోదాము అనుకోండి. ఎవరో తీసిన ఫొటోను మేము దాచి ఉంచుతాం. పత్రికలవాళ్లు, పాఠ్యపుస్తకాలు వేసేవాళ్లు, క్యాలెండర్లు వేసేవాళ్లు వచ్చి దాన్ని వాడుకునే హక్కు కొనుక్కుంటారు. వచ్చినదాంట్లో కొంత ఏజెన్సీకి, కొంత తీసినవాళ్లకు. ఏ ఫొటో లోపలికి పోవాలో, ఏది గుమ్మంలోనే ఆగిపోవాలో చూడటం నా పని. ఈ పనిలో నన్ను ఇష్టపడ్డవాళ్లు తక్కువ. దానికి నేనేమీ బాధపడలేదు. ఒక్క మనిషి విషయంలో మాత్రం బాధపడ్డాను. ఆయన కథ చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, మధ్యలో మీకు పనికొచ్చేవి నాలుగు మాటలు దొరికితే ఏరుకోండి.

నాదియా బల్ల ఎదుట

మాది కాకినాడ. అక్కడే జువాలజీలో ఎమ్మెస్సీ చదివాను. పెళ్లయ్యాక మా ఆయన వెంకట్రావు వెంట ఇక్కడికి వచ్చాను. ఆయన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో ఫోర్‌మన్. ఇల్లు మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. మొదట్లో ఏజెన్సీలో నా పని ఫొటోలకు కీవర్డ్‌లు రాయడం. అంటే వెతికేవాళ్లకు దొరికేలా ఫొటోకి మాటలు తగిలించడం. హోటళ్లు, ఎడారి సఫారీలు, ఆకాశహర్మ్యాలు. చేసి చేసి విసుగెత్తింది.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. పర్యాటక ఫొటోలు అడిగే నాథుడు లేడు. మా ముదీర్, అంటే మేనేజరు, నాదియా జోర్డాన్ ఆవిడ. గట్టి మనిషి. ఆఫీసులో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు నన్ను పిలిచి, "ఇళ్లలో కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఏం చూడాలనుకుంటారు, చెప్పు? పిట్టల్ని, జంతువుల్ని. అవి తిరుగుతున్నాయి కదా! నువ్వు చదివింది అదే. యల్లా, ఇకనుంచి వన్యప్రాణి విభాగం నీది," అంది. అలా తిప్పి పంపే కుర్చీలో కూర్చున్నాను.

గుమ్మంలోనే ఆగేవి

ముందు పనికొచ్చే మాటలు చెప్పేస్తాను.

ఒకే పిట్టను ఒకే కొమ్మ మీద ముప్పై ఫొటోలు తీసి ముప్పైయ్యీ పంపకండి. మీకు ముద్దొచ్చినంతగా అది కొనేవాడికి ముద్దు రాదు. మంచిది ఒకటి ఎంచుకోవడం చేతకాకపోతే ఆ ఎంపిక నాలాంటిది చేస్తుంది, కోపంతో చేస్తుంది.

కాలికి తోలు పట్టీ ఉన్న డేగ వన్యప్రాణి కాదు. ఎవరిదో పెంపుడు డేగ. దాని యజమాని సంతకం లేకుండా వ్యాపారానికి అమ్మలేం. ఒంటెలూ అంతే. ఎడారి మధ్యలో ఒంటరిగా కనబడిందని అడవి ఒంటె అని రాసి పంపినవాళ్లున్నారు. ఈ దేశంలో యజమాని లేని ఒంటెను నేనైతే చూడలేదు.

పేరు తెలియకపోతే తెలియదని రాయండి. ఇసుకలో ఉండే ముళ్ల తోక బల్లిని ఇక్కడ దబ్ అంటారు. మన ఊళ్లనుంచి వచ్చినవాళ్లు దాన్ని చూడగానే ఉడుము అనుకుంటారు, ఉడుము అనే క్యాప్షన్ పెడతారు. ఉడుము మాంసాహారి, ఇది ఆకులు మేస్తుంది. ఎక్కడో ఒక పిల్లవాడి పుస్తకంలో ఆ తప్పు అచ్చవుతుంది. దాన్ని ఇక ఎవ్వరూ దిద్దలేరు.

గూళ్ల దగ్గరికి వెళ్లకండి. ఎగిరే ఫొటో కావాలని రాళ్లు విసిరి పిట్టల్ని లేపకండి. భయపడి లేచిన గుంపు ఎలా ఎగురుతుందో, తమంతట తాము లేచిన గుంపు ఎలా ఎగురుతుందో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. అలాంటివి నేను కారణం కూడా రాయకుండా తిప్పి పంపాను.

మొదటి పది ఫొటోలు తిరిగొస్తే ఏడవకండి. అందరివీ తిరిగొచ్చాయి.

హజర్ కొండల చిరుత

నాదియా చేసిన ఒక తప్పు చెప్పాలి. ఎందుకంటే తరువాత జరిగినదంతా దాన్నుంచే వచ్చింది.

ఒక పెద్దమనిషి చిరుతపులి ఫొటో పంపాడు. హజర్ కొండల్లో స్వేచ్ఛగా తిరుగుతున్న అరేబియన్ చిరుత అని క్యాప్షన్. ఈ కొండల్లో అది కనబడి చాలా ఏళ్లయిందంటారు. అద్భుతమైన ఫొటో, కాదనను. అయితే పులి వెనక ఇసుక మీద గీతలున్నాయి. దంతెతో నేలను చదును చేస్తే పడే గీతలు. నాదియాకి చూపించాను.

"గాలికి కూడా అలా పడతాయి," అంది.

"గాలి ఇంత సమానంగా గీయదు మేడం."

ఆవిడ చాలాసేపు ఫొటోవంక చూసింది. నమ్మాలని ఆవిడకు అంత బలంగా ఉంది. మూతపడేలా ఉన్న ఆఫీసు అది, అలాంటి ఫొటో ఒక్కటి చాలు పేరు రావడానికి. తీసుకుంది. ఒక పత్రిక ముఖచిత్రంగా వేసింది. తరువాత ఒక ప్రైవేటు ఫారం యజమాని ఆ పులి తనదేనని, బోనులో పుట్టిందని చెప్పాడు. పత్రికవాళ్లు మాతో తెగతెంపులు చేసుకున్నారు.

నాదియా ఎవరినీ తిట్టలేదు. ఆ ఫొటో ప్రింటు తీయించి తన కుర్చీకి ఎదురుగా గోడకు అంటించుకుంది. నాకు దొరికిన బాసుల్లో తన తప్పును రోజూ కళ్లెదుట పెట్టుకున్నది ఆవిడ ఒక్కతే. అందుకు గౌరవిస్తాను. కానీ ఆ రోజునుంచి ఆవిడ మనసు గట్టిపడిపోయింది. కొత్త నియమం పెట్టింది. ఫొటోలో ఉన్నదాన్ని తీసేసినా, లేనిదాన్ని చేర్చినా మొదటిసారి హెచ్చరిక. రెండోసారి ఖలాస్, ఆ మనిషి ఖాతా శాశ్వతంగా మూత.

అజ్మాన్ నుంచి ఒక కొంగ

ఆ చలికాలంలోనే రాజేశం అనే పేరుతో ఫొటోలు రావడం మొదలైంది. అజ్మాన్ మడ అడవుల పక్షులు. మడ అడవి అంటే నాకు మా కోరంగి గుర్తొస్తుంది. అందుకని కాస్త ఆశగానే తెరిచాను. చక్కని వెలుగు, చక్కని కూర్పు. కానీ అన్నీ మరీ శుభ్రంగా ఉన్నాయి. బురదలో నడిచే పిట్టలకు బురదే అంటలేదు.

వాటిలో ఒక తీరపు కొంగ ఉంది. ఒక కాలు ఎత్తి, వేళ్లు దగ్గరగా ముడుచుకుని వింతగా నిలబడింది. కొంగలు ఒంటికాలి మీద నిలబడతాయి, నిజమే. కానీ అలా వేళ్లు బిగించుకుని కాదు. ఫొటోను పెద్దది చేసి చూశాను. కాలి కింద నీటి అల ఒకటి, దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకొకటి. ఒకచోటి నీటిని తెచ్చి ఇంకోచోట అతికించారన్నమాట.

ఫోన్ చేశాను.

"రాజేశం గారేనా అండీ? అబూధాబీ నుంచి, ఫొటో ఏజెన్సీ నుంచి మాట్లాడుతున్నాను."

"అవ్ మేడం. మీరు తెలుగోళ్లా?" ఆ గొంతులో సంతోషం చూసి నాకు తరువాతి మాట అడగడం కష్టమైంది.

"కొంగ కాలి దగ్గర ఏం తీసేశారండీ?"

"మాస్కు మేడం. నీలం రంగుది, మనం మూతికి పెట్టుకునేది. దాని దారం కాలికి సుట్టుకున్నది. సూడబుద్ధి గాలె. సాఫ్ జేసిన."

"అలా చేయకూడదండీ. ఎందుకు చేశారు?"

"ఎందుకంటె ఏం చెప్పాలె? మా పనే గది గద మేడం."

ఆ పనేమిటో అప్పుడు చెప్పాడు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. అజ్మాన్‌లో చాలా ఏళ్లుగా ఒక ఫొటో స్టూడియోలో పని. వీసా ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోలు. వాటితోపాటు ఇంకొక పని.

"ఇక్కడ మనోడు ఎవడన్న సచ్చిపోతె, రూమోళ్లు ఆని పాస్‌పోర్టు ఫొటో పట్టుకొస్తరు మేడం. నేను పెద్దగ జేస్త. కోటు ఏస్త, టై కడ్త. ఎండకు నల్లబడ్డ మొఖం తెల్లగ జేస్త. కండ్ల కింద నలుపు తీస్త, గాయాలుంటె తీస్త. ఊర్లె ఆని పిల్లలు సూస్తె, మా నాయిన దుబాయ్‌ల మంచిగనె బతికిండు అనుకోవాలె గద. మొన్న లాక్‌డౌన్‌ల శవాలు గూడ కొన్ని పోలె మేడం. ఇక్కడనే దహనం జేసిండ్రు. ఇంటికి ఫొటోనే పోయింది. నేను జేసిన ఫొటోనే."

తప్పు పట్టుకున్నానన్న గర్వంతో ఫోన్ చేసినదాన్ని. ఆ గర్వం అక్కడే పోయింది. కానీ పని పనే.

"మీరు ఫొటోలో తీశారు," అన్నాను. "దాని కాలికి అలాగే ఉంది కదా, రాజేశం గారూ?"

"ఉన్నది మేడం," అన్నాడు.

అసలు ఫొటో ఇంకా కెమెరా కార్డులోనే ఉండటం ఆయన అదృష్టం. పంపించాడు. నల్లని బురద, బూడిద రంగు కొంగ, ఎత్తిన కాలికి వేలాడుతూ తడిసిన నీలం మాస్కు. కొంగ దానివంక చూడటం లేదు, ఎటో దూరంగా చూస్తోంది. నా పదవీకాలంలో నేను తీసుకున్న ఫొటోల్లో మొదటి వరసలో నిలిచే ఫొటో అది. చాలా పత్రికలు వేసుకున్నాయి. రాజేశం మడ అడవి కాపలావాళ్లకు చెప్పాడు, వాళ్లు వెతికారు. ఆ కొంగ మళ్లీ కనిపించలేదు. ఏమైందో మాకు తెలియదు.

నాదియా మాత్రం హెచ్చరిక రాసేసింది. "అసలు ఫొటో గొప్పదే. కానీ మొదట పంపింది అబద్ధం," అంది.

ఆయనకు మిగిలిన దారి

హెచ్చరిక సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు రాజేశం తన పరిస్థితి చెప్పాడు. లాక్‌డౌన్‌లో స్టూడియో మూతపడింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెడ్డవాడేం కాదు. వీసా రెన్యూవల్ వచ్చేదాకా టైమిచ్చాడు. ఆలోగా కెమెరాతో బతకగలనని చూపిస్తే ఫొటోగ్రాఫర్‌గానే ఉంచుతాడు. లేకపోతే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో తన టైర్ల గోదాములో లోడింగ్ పనికి పోవాలి. రాజేశానికి నలభై దాటాయి, నడుము నొప్పి ఉంది. అది కూడా ఆయన బాధ కాదు.

"కెమెరా పట్టిన చేతులు మేడం. టైర్లు మొయ్యవా అంటె మోస్తయి. కని ఇగ మల్ల కెమెరా దిక్కు రావు. నాకు ఎరికే."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయనకు ఎడమ చెంప మీద పెద్ద మచ్చ, కుర్రతనంలో వెల్డింగ్ నిప్పు పడి కాలింది. ఏ స్టూడియోకి వెళ్లినా అడక్కుండానే ఆ మచ్చ తీసేసేవాళ్లు. "ఫొటోలో నేను లేను, మా తమ్ముడున్నాడు," అని నవ్వేవారు. రాజేశం కథ విని, "తప్పు చేశాడు, తిప్పి పంపావు. బానే ఉంది. మరి ఒప్పేంటో ఆడికి ఎవరు చెప్తారు? నువ్వు చెప్పు," అన్నారు.

చెప్పాను. వెలుగు కాస్త పెంచుకోవచ్చు, దుమ్ము చుక్క కెమెరా లోపలిదైతే తీయవచ్చు, పిట్ట మీదదైతే ముట్టుకోకూడదు. క్యాప్షన్‌లో చూసింది మాత్రమే రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, అసలు ఫైలు ఎప్పుడూ చెరిపేయకూడదు. అదొక్కటే మనకు సాక్షి. ఆయన విన్నాడు. మేడం పోయి అక్కనయ్యాను, రాజేశం గారు పోయి తమ్ముడయ్యాడు. ఫొటోల్లో బురద కనిపించడం మొదలైంది. విరిగిన ఈకలు, చిరిగిన చెవితో ఒక నక్క, చేప జారవిడుచుకున్న కొంగ. ఏడాది తిరిగేసరికి ఆయన ఫొటోలు తెరవాలంటే నాకు ఇష్టంగా ఉండేది.

రెండో కొంగ

మరుసటి చలికాలం, వీసా రెన్యూవల్ దగ్గరికొచ్చిన సమయంలో, మళ్లీ ఒక తీరపు కొంగ ఫొటో వచ్చింది. వీటిలో నల్లటివి ఉంటాయి, తెల్లటివి ఉంటాయి. ఇది నల్లటిది. కానీ ఎడమ రెక్క చాచినప్పుడు అందులో పెద్ద తెల్లని పట్టీ. అక్కడ ఎవరో రంగు తుడిచేసినట్టే ఉంది.

నాదియా కంట్లో పడింది. "ఇతనే కదా కొంగ కాలు శుభ్రం చేసినవాడు?"

"కొన్ని నల్ల కొంగలకు తెల్ల ఈకలు ఉంటాయి మేడం. పుస్తకాల్లో ఉంది."

"నీ పుస్తకం వద్దు. ఇతని అసలు ఫైలు తెప్పించు."

అది న్యాయమే. ఫోన్ చేశాను.

"ఒరిజినల్ పంపు తమ్ముడూ, ఇప్పుడే."

"అక్కా... లేదక్కా. తీసేసిన."

"తీసేశావా? ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

"స్టూడియోల అలవాటక్కా. మా కంప్యూటర్ల జాగ ఉండకపోయేది. ఫొటో కస్టమర్ చేతిల పెట్టంగనె ఒరిజినల్ తీసేసుడే. ఇన్నేండ్లు గదే జేసిన. చెయ్యి తనంత తనె పోయింది. నిజంగ నేనేం ముట్టలె అక్కా, మా అమ్మ తోడు."

నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా నాలుగు మాటలు అని ఫోన్ పెట్టేశాను. మీరు చిన్నవాళ్లు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. రాజేశం అబద్ధం ఆడలేదు, అయినా నిజాన్ని నిరూపించగలిగే ఒకే ఒక్క వస్తువును తన చేత్తో తానే చెరిపేసుకున్నాడు. కొత్త పని నేర్చుకోవడం తేలిక. పాత పని చేతుల్లోంచి పోవడమే కష్టం.

నమ్మానా అని అడుగుతారేమో. పూర్తిగా నమ్మలేదు. నాదియాకి చెప్పినప్పుడు ఆవిడ గోడమీది చిరుతవంక చూసింది. "అయితే ఆ కొంగనే మళ్లీ చూపించమను. వారం చివరిదాకా ఆగుతాను. తరువాత ఖలాస్," అంది. పోగొట్టిన ఉంగరాన్ని సముద్రంలో వెతికి తెమ్మన్నట్టుంది నాకు.

ఇంట్లో మా ఆయన మాత్రం చాలా తేలిగ్గా తీసుకున్నారు. "కొంగలు రోజూ ఒకే చోటికి మేతకొస్తాయని నువ్వే అంటావు కదా. సెలవే కదా, పద అజ్మాన్ పోదాం. దానికంత ఆలోచనెందుకు?"

నీరు తగ్గే వేళ

రాజేశాన్ని నేను మొదటిసారి చూసింది అప్పుడే. సన్నటి మనిషి, నెత్తికి రంగు, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. ఫ్లాస్కులో చాయ్ తెచ్చాడు. మా ఆయన్ని బావా అని పిలిచాడు. ఇద్దరూ నిమిషంలో కలిసిపోయారు.

గట్టు మీద కూర్చున్నాం. పాటు మొదలై నీరు మెల్లగా వెనక్కి పోతోంది. బురద బయటపడేకొద్దీ పిట్టలు దిగుతున్నాయి. దూరంగా ఫ్లెమింగోలు. కొంగలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కొక్కటీ పూర్తిగా నల్లటిది, లేదా పూర్తిగా తెల్లటిది. ఎండ ఎక్కింది. రాజేశం చాయ్ తాగలేదు. లెన్సు మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

"పోదాం పాండ్రి అక్కా," అన్నాడు చివరికి. "నా నొసట గోదామే రాసి ఉన్నది. మీరెంత సేపని కూసుంటరు?"

"కూర్చో," అన్నారు మా ఆయన. "నీళ్లింకా తగ్గాల. గ్యారేజీలో బండి స్టార్ట్ అవ్వలేదని వదిలేసి పోతే నేను ఇన్నేళ్లు పనిచేసేవాణ్ణేనా?"

మళ్లీ కూర్చున్నాం. నాకూ ఆశ పోయింది, పైకి అనలేదు. అప్పుడు ఆయనే చెయ్యి చాపారు. "అదిగో, ఆ చివర. డోరు మార్చిన బండిలా ఉంది చూడు!"

నల్లని కొంగ. నీటి అంచున వంగి నడుస్తోంది. ఒక్కసారి చేప కోసం నీడ చేసుకోవడానికి రెక్కలు చాచింది. ఎడమ రెక్కలో తెల్లని పట్టీ. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు.

రాజేశం కెమెరా ఎత్తాడు. లెన్సును గట్టు రాయికి ఆనించి తీశాడు. నేను నా ఫోన్లో వీడియో తీశాను, ఎందుకైనా మంచిదని. కొంగ మమ్మల్ని పట్టించుకోలేదు. దాని తిండి అది తిన్నది. నా మనసులో ఉన్న అనుమానానికి సిగ్గుపడ్డాను, రాజేశం భుజం తట్టాను. ఆయన కళ్లు తుడుచుకుని, కెమెరా ఇటు తిప్పి, గట్టు మీద కూర్చున్న మా ఆయన్ని ఒక ఫొటో తీశాడు. గళ్ల చొక్కా, ఎండకు చికిలించిన కళ్లు, పెద్ద నవ్వు.

"నా మచ్చ తీసేస్తావేంటి?" అన్నారాయన.

"తియ్య బావా. తీస్తె అక్క తిప్పి పంపుతది."

ముగ్గురం నవ్వాం. పెద్దగా, పిట్టలు బెదిరేలా నవ్వాం. అలా నవ్వకూడదని ఎవరికైనా చెప్పేదాన్నే నేను.

నాదియా కొత్త ఫైళ్లన్నీ చూసింది. వీడియో రెండుసార్లు చూసింది. క్షమాపణ చెప్పే మనిషి కాదు. "యల్లా, పెట్టెయ్," అని ఫొటో తీసుకుంది. ఆ సాయంత్రం వెళ్లేముందు చిరుత ఫొటో పక్కన ఆ కొంగ ఫొటో కూడా అంటించింది. రాజేశం వీసా ఫొటోగ్రాఫర్‌గానే రెన్యూ అయింది. ఇప్పటికీ అజ్మాన్‌లోనే ఉన్నాడు, ఇప్పటికీ ఫొటోలు పంపుతున్నాడు.

కోటు

ఆ మరుసటి వేసవిలో మా ఆయన గ్యారేజీలోనే పోయారు. గుండె. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. కాకినాడ తీసుకెళ్లాం.

పెద్దకర్మకు ఫొటో కావాలన్నారు. వేలకొద్దీ ఫొటోలు చూసే మనిషిని నేను, మా ఇంట్లో నా మొగుడిది సరైన ఫొటో ఒక్కటి లేదు. పెళ్లిళ్లలో గుంపుగా తీసినవి, సగం మొహం కనిపించేవి. వీసా ఫొటో ఉంది, చెంప నున్నగా, ఎవరో పరాయి మనిషిలా. దాన్ని చూసి ఏడుపొచ్చింది. అప్పుడు ఆ గట్టు గుర్తొచ్చింది.

రాజేశానికి ఫోన్ చేశాను. "ఆ రోజు అజ్మాన్‌లో ఆయన్ని తీసిన ఫొటో ఉందా తమ్ముడూ?" అడిగానే గానీ ఉంటుందన్న ఆశ లేదు. ఫొటో పని అవ్వగానే చెరిపేసే చెయ్యి కదా అది.

"ఉన్నదక్కా. ఒరిజినల్ ఉన్నది. మీరే చెప్పిండ్రు గద, తీసెయ్యద్దని. ఆ దినం సంది ఒక్కటి గూడ తియ్యలె." ఆ వెంటనే తనే అడిగాడు. "బావ ఫొటో ఎట్ల జెయ్యమంటరక్కా?"

పక్కనే మా మరిది నిలబడి ఉన్నాడు. "కోటు వేయించండి వదినా. చొక్కా నలిగి ఉంటది కదా. ఆ మచ్చ కూడా తీయించేయండి, చుట్టాలందరూ చూస్తారు," అంటున్నాడు. ఫోన్ అవతల రాజేశం ఎదురుచూస్తున్నాడు. ఎందరి ఫొటోలకో అవుననీ కాదనీ చిటికెలో చెప్పినదాన్ని, ఆ నిమిషంలో తేల్చుకోలేకపోయాను.

"కోటు వెయ్యి తమ్ముడూ," అన్నాను చివరికి. "మచ్చ ఉంచు."

"మంచిదక్కా," అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడని తెలిసి నేనూ ఏడ్చాను. ఆ పదకొండు రోజుల్లో నేను మనసారా ఏడ్చింది అప్పుడే.

తరువాత చాలా ఆలోచించాను, కొంగకు వద్దన్నది నా మొగుడికి ఎలా ఒప్పుకున్నానని. నాకు తోచింది ఇది. గోడ మీది ఫొటో చూసేవాళ్లందరికీ ఆయన తెలుసు. ఆ కోటు చూసి మోసపోయేవాళ్లు ఎవరూ లేరు, అది మేము ఆయనకు పెట్టుకున్న ఆఖరి బట్ట. కొంగ సంగతి అలా కాదు. ఎక్కడో పుస్తకం తెరిచే పిల్లకు ఆ కొంగ తెలియదు. మీరు చూపించిందే దానికి కొంగ. కాలికి మాస్కు లేదని మీరు చూపిస్తే లేదనే నమ్ముతుంది. ఆ నమ్మకంతోనే మీకు ఈ వృత్తి నడుస్తుంది. రాజేశం ఆ పేదవాళ్లకు వేసిన కోట్లన్నిటిలోనూ ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ అడవిలో ఉన్నవాటికి మన కోట్లు అక్కర్లేదు. వాటి గాయాలతో వాటిని ఉండనివ్వండి, చూసినవాళ్లలో ఎవరో ఒకరు ఆ గాయానికి కారణం అడుగుతారు.

నేను మళ్లీ అబూధాబీ వచ్చి రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కొడుకు ఇక్కడే ఉద్యోగం చేస్తుండటంతో ఇక్కడే ఉండిపోయాను. ఫొటో హాల్లో ఉంది. మా ఆయన బతికుండగా కోటు తొడుక్కోలేదు, మా పెళ్లికి కూడా. ఇప్పుడు నల్ల కోటు, నీలం టైతో, చెంప మీద మచ్చతో, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతున్నారు. మెడ దగ్గర కోటు అతుకు తెలుస్తూనే ఉంటుంది. భుజం ఒకటి కాస్త వెడల్పు. పనిలో ఉన్న రోజుల్లో అది నా బల్ల మీదికి వచ్చి ఉంటే రెండో ఆలోచన లేకుండా తిప్పి పంపేదాన్ని. రోజూ పొద్దున దానికే దణ్ణం పెట్టుకుంటున్నాను.